పన్నెండు గొట్టాలెందుకు?

2025 జనవరి 26న ఢిల్లీ పరేడ్ చూడటానికి మా వీధిలో ఉండే బాబాయ్ ఇంటికి వెళ్ళాను. మాది భిలాయిలోని క్యాంప్ 2. స్టీల్ ప్లాంట్ కట్టే రోజుల్లో కూలీల కోసం వెలసిన క్యాంపు అలాగే పేటగా మిగిలిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. బాబాయ్ కూడా ఆ వైపు నుంచి వచ్చినవాడే. రైల్ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు.

టీవీలో పినాక వచ్చింది. పెద్ద ట్రక్కు, దాని వీపు మీద ఆరేసి గొట్టాలున్న రెండు పెట్టెలు. యాంకర్ గొంతు పెంచి "శివుడి విల్లు" అన్నాడు. బాబాయ్ నా వైపు తిరిగి, "చూసావేటిరా? ఇదేటీ కొత్త కాదు. రాముడి కాలంలోనే ఉన్నాయి ఇవన్నీ. ఆగ్నేయాస్త్రం అంటే ఏటనుకున్నావు?" అన్నాడు.

నేను హేతువాదినని ఆయనకి తెలుసు. నన్ను కదిలించడానికే అంటాడు. నేను వాదన పెట్టుకోకుండా ఒకటే అడిగాను. "రాముడి బాణం ఎప్పుడైనా గురి తప్పిందా బాబాయ్?"

"ఎలా తప్పుతాదిరా? మంత్రం ఉంది కదా."

"మరి దీనికి పన్నెండు గొట్టాలెందుకు?"

ఆయన ఆ రోజు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది మా బాబాయ్ ఒక్కడి జబ్బు కాదని ముందే చెప్పాలి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు గారు, విష్ణుచక్రం లక్ష్యాన్ని వెంటాడి వెనక్కి వచ్చేది కాబట్టి గైడెడ్ మిస్సైల్ విజ్ఞానం మనకి వేల ఏళ్ళ నాడే ఉందని చెప్పారు. కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలనీ, రావణుడికి 24 రకాల విమానాలు ఉండేవనీ కూడా అన్నారు. రైల్ మిల్లు కార్మికుడు అంటే సరదా అనుకోవచ్చు. ఒక యూనివర్సిటీ పెద్ద, స్కూలు పిల్లలు కూర్చున్న సభలో ఆ మాట అంటే సరదా అని ఎలా అనుకుంటాం? కన్యాశుల్కంలో గురజాడ వెక్కిరించిన జబ్బు ఇదే. అప్పుడు అది అగ్రహారాల్లో ఉండేది, ఇప్పుడు వేదికల మీదికి వచ్చింది.

దీనికి హేతువాదులు మామూలుగా ఇచ్చే సమాధానం "ఆధారం ఏది?" అని. అది సరైన ప్రశ్నే. కానీ అస్త్రానికీ రాకెట్‌కీ ఉన్న అసలు తేడా ఇంకా లోతైనది.

పురాణాల్లోని అస్త్రం గురి తప్పదు. ఎదుటివాడు ఇంకో అస్త్రం వేస్తే ఆగిపోతుంది, అంతే. కర్ణుడికి శాపం వల్ల మంత్రం గుర్తు రాలేదు గానీ గాలివాటం వల్ల బాణం పక్కకి పోలేదు. వాయవ్యాస్త్రం అనే ఆయుధం ఉంది గానీ గాలికి దారి తప్పిన అస్త్రం లేదు. రాకెట్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాకెట్ పుట్టుకతోనే గురి తప్పే ఆయుధం. ట్రక్కు మీద అన్ని గొట్టాలు ఎందుకున్నాయంటే అది గురి తప్పుతుంది కాబట్టే.

దీపావళికి తారాజువ్వ వేసిన ప్రతివాడికీ ఇది తెలుసు. సీసాలో నిలబెట్టి అంటిస్తాం. సీసా వదిలేటప్పుడు జువ్వ వేగం చాలా తక్కువ. గాలి తోకని ఒక పక్కకి తోస్తుంది, ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది, మందు ఇంకా మండుతూనే ఉంటుంది కాబట్టి జువ్వ అదే వైపు పరుగెడుతుంది. పక్కింటి రేకుల మీదో, గడ్డివాము మీదో పడుతుంది. ఫిరంగి గుండు అలా కాదు. దాని వేగమంతా గొట్టంలో ఉండగానే వచ్చేస్తుంది, బయటికి వచ్చాక తోసేది ఏమీ ఉండదు. రాకెట్ బయటికి వచ్చాక కూడా తనని తాను తోసుకుంటూనే ఉంటుంది, కాబట్టి మొదట్లో జరిగిన చిన్న తప్పు పోనుపోనూ పెద్దదవుతుంది. మందు వేడెక్కితే వేగంగా, చల్లబడితే నిదానంగా మండుతుంది. మంట వెళ్ళే నాజిల్ వెంట్రుకవాసి వంకరగా ఉన్నా చాలు. ఒక రాకెట్ వెళ్ళిన ఊపుకి ట్రక్కు ఊగితే తర్వాతి రాకెట్ దారి మారుతుంది. అందుకే కాల్చే ముందు ట్రక్కు కింద జాకీ కాళ్ళు దింపుతారు. ఆకాశంలో గాలి ఎటు వీస్తోందో బెలూన్లు ఎగరేసి కొలుస్తారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఉదాహరణకి ఒక రాకెట్ తగలాల్సిన చోట పడే అవకాశం పదింట ఒకటి అనుకోండి. పది సార్లలో తొమ్మిది సార్లు తప్పుతుంది. పన్నెండు వేస్తే, దేని తప్పు దానిదే అయితే, ఒక్కటైనా తగిలే అవకాశం నూటికి 72. డెబ్భై రెండు వేస్తే తగలకుండా పోయే అవకాశం రెండు వేలలో ఒకటి. పినాక బ్యాటరీలో ఆరు ట్రక్కులు, ఒక్కోదానికి పన్నెండు గొట్టాలు, అంటే సరిగ్గా 72 రాకెట్లు. మంత్రం మీద నమ్మకం ఉన్నవాడికి ఈ లెక్కతో పనిలేదు. "ఇది తప్పుతుంది, ఎంత తప్పుతుందో కొలుద్దాం" అని ఒప్పుకున్నవాడికే ఈ యంత్రం తడుతుంది.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది? మన దేశంలో కాదు. తుపాకిమందు వంటకాలు రాతలో మొదట కనబడేది 1044 నాటి చైనా సైనిక గ్రంథంలో. బండి మీద పెట్టి ఒకేసారి చాలా రాకెట్లు వదిలే పనిని కొరియా వాళ్ళు పక్కాగా చేశారు. 1451లో ముంజోంగ్ రాజు కాలంలో మెరుగుపరిచిన 'హ్వాచా' అనే రెండు చక్రాల బండి నుంచి వంద రాకెట్ బాణాల దాకా వదిలేవాళ్ళు. ట్రక్కు లేదు గానీ సూత్రం అదే. ఒక్కటి తగలకపోతే వంద వెయ్యి.

మన దేశానికి నిజంగా గర్వపడదగిన వాటా ఒకటి ఉంది. దాన్ని మన సంస్కృతి రక్షకులు ఎక్కువ తలుచుకోరు, ఎందుకంటే అది హైదర్ అలీది, టిప్పూ సుల్తాన్‌ది. అప్పటికి యూరప్‌లో రాకెట్లకి ఎక్కువగా కాగితపు గొట్టాలు వాడేవారు. మైసూరు కమ్మరులు ఇనుప రేకుని సాగగొట్టి గొట్టం చేశారు. ఉక్కు పట్టణంలో బతికేవాడిగా నాకు ఇది చాలా ఇష్టమైన విషయం. కాగితం పగిలిపోయే ఒత్తిడిని ఇనుము తట్టుకుంటుంది. లోపల మందు గట్టిగా కూరవచ్చు. అందుకే అది కిలోమీటరు దాటి పోయేది. గొట్టానికి వెదురు బొంగో, కత్తో కట్టేవారు. ఇందులో మంత్రం ఎక్కడా లేదు, సుత్తి దెబ్బలు ఉన్నాయి.

ఇందులో మన గుంటూరుకీ ఒక చిన్న పాత్ర ఉంది. 1780లో హైదర్ అలీ కర్ణాటక మీదికి దండెత్తినప్పుడు కల్నల్ విలియం బెయిలీ దళం గుంటూరు సీమలో ఉంది. మద్రాసు వైపు వచ్చి మన్రో సైన్యంతో కలవమని ఆజ్ఞ వచ్చింది. దారిలో కొర్తలైయార్ నదికి వరద వచ్చి ఆలస్యమైంది. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పూ ఆ దళాన్ని చుట్టుముట్టి తుడిచిపెట్టారు. బెయిలీ మందుగుండు బళ్ళు పేలిపోవడం ఆ యుద్ధంలో కీలకం. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఆ పేలుడు బొమ్మ ఇప్పటికీ ఉంది. ఆ బళ్ళని పేల్చింది రాకెట్లే అని చాలామంది రాస్తారు, ఫిరంగి గుండు అని రాసినవాళ్ళూ ఉన్నారు. మనకి నచ్చింది కదా అని మొదటిదే నిజం అనేస్తే మనకీ ఆ వైస్ ఛాన్సలర్ గారికీ తేడా ఉండదు.

ఆధారం అంటే ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. 2018 జూలైలో కర్ణాటక శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో (పాత పేరు బిదనూరు) ఎండిన బావిలో తవ్వితే వెయ్యికి పైగా టిప్పూ కాలం నాటి రాకెట్ గొట్టాలు దొరికాయి. తుప్పు పట్టి ఉన్నాయి. తూకం వేయవచ్చు, కొలవవచ్చు. ఆగ్నేయాస్త్రం ముక్క ఒక్కటైనా ఏ బావిలోనైనా దొరికిందా? వైమానిక శాస్త్రం అని చెప్పుకునే పుస్తకాన్ని 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు పరీక్షించి, అది 1904 కంటే పాతది కాదనీ, అందులోని విమానాలు ఎగరవనీ తేల్చారు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక బ్రిటిష్ వాళ్ళు ఆ రాకెట్లని ఇంగ్లండ్‌కి పట్టుకెళ్ళారు. వాటిని చూసి విలియం కాంగ్రీవ్ సొంత రాకెట్లు తయారుచేశాడు. 1807లో కోపెన్‌హాగెన్ నగరాన్ని వాటితో తగలబెట్టారు. గమనించండి, లక్ష్యం ఒక నగరం. గురి సరిగా లేని ఆయుధానికి లక్ష్యం పెద్దదిగా ఉండాలి. ఆ శతాబ్దం చివరికి గాడులు కోసిన ఫిరంగులు బాగా గురిగా కాల్చడం మొదలుపెట్టేసరికి సైన్యాలు రాకెట్లని పక్కన పడేశాయి. ఎవరూ శాపం పెట్టలేదు, గురిలో ఓడిపోయాయి.

మళ్ళీ లేచింది రష్యాలో. భిలాయి వాళ్ళకి రష్యా అంటే ప్రత్యేకమైన అభిమానం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంతోనే ఈ ప్లాంట్ పుట్టింది, మైత్రీ బాగ్ ఆ స్నేహం పేరే. అయినా నిజం నిజమే. 1941 జూలై 14న కెప్టెన్ ఇవాన్ ఫ్లొరోవ్ బ్యాటరీ ఓర్షా రైల్వే స్టేషన్‌లో ఉన్న జర్మన్ల మీద బీఎం-13 రాకెట్లు వదిలింది. ట్రక్కు మీద పట్టాలు, వాటి మీద 132 మిల్లీమీటర్ల రాకెట్లు పదహారు. సైనికులు ఒక ప్రేమపాటలోని పిల్ల పేరు పెట్టి 'కత్యూషా' అన్నారు. జర్మన్లు ఆ రొదకి 'స్టాలిన్ ఆర్గాన్' అని పేరు పెట్టారు. ఒకరికి ప్రియురాలు, ఇంకొకరికి చర్చి వాయిద్యం. పేరుని బట్టి యంత్రం వంశవృక్షం గీస్తే ఇలాగే ఉంటుంది.

ఆ రాకెట్లని తయారుచేసిన సంస్థ అధిపతి క్లేమ్యోనోవ్‌నీ, ముఖ్య ఇంజనీరు లాంగెమాక్‌నీ స్టాలిన్ పోలీసులు 1937లో ద్రోహులని పట్టుకెళ్ళి 1938 జనవరిలో కాల్చి చంపారు. 1941లో పతకం కోస్తికోవ్ అనే ఇంకొకడికి వచ్చింది. చనిపోయిన ఇద్దరికీ గోర్బచెవ్ కాలంలో, 1991 జూన్‌లో గానీ గౌరవం దక్కలేదు. అనుమానించడం నేరం అయిన చోట మంచి ఇంజనీర్లకి ఏమవుతుందో చెప్పడానికి దీన్ని రాస్తున్నాను. దేవుడు లేని చోట కూడా మూఢత్వం ఉంటుంది, మన వాళ్ళు కొందరు ఇది ఒప్పుకోరు.

కత్యూషా మనవడు 'గ్రాద్', బీఎం-21. 1963లో సోవియట్ సైన్యంలోకి వచ్చింది. ఉరాల్ ట్రక్కు, 122 మిల్లీమీటర్ల గొట్టాలు నలభై, మొత్తం ఇరవై సెకన్లలో ఖాళీ, దూరం ఇరవై కిలోమీటర్లు. పట్టాల బదులు గొట్టాలు పెట్టి, లోపల మెలికల గాడి తీసి రాకెట్‌ని నెమ్మదిగా తిప్పారు. తిరిగితే ఒక పక్క తప్పుని ఇంకో పక్క తప్పు కొంత సరిచేస్తుంది. యాభైకి పైగా దేశాలు దీన్ని వాడాయి, మన సైన్యం కూడా. 1987లో వచ్చిన స్మెర్చ్ ఇంకా పెద్దది, 300 మిల్లీమీటర్లు, పన్నెండు గొట్టాలు. దాని రాకెట్ దారిలో తనని తాను కొంత దిద్దుకుంటుంది. దాన్ని కూడా మనం రష్యా నుంచి కొన్నాం.

పినాక ప్రాజెక్టుకి 1986 డిసెంబర్‌లో 26.47 కోట్ల రూపాయలతో అనుమతి వచ్చింది. 1992 చివరికి పూర్తి కావాలనుకున్నారు, కాలేదు. 1999లో కార్గిల్‌లో మొదటిసారి యుద్ధంలో వాడారు, 2000లో మొదటి రెజిమెంట్ ఏర్పడింది. పుణెలోని ఏఆర్‌డీఈ దీన్ని రూపొందించింది. రాకెట్ వ్యాసం 214 మిల్లీమీటర్లు, బరువు సుమారు 275 కిలోలు. పన్నెండూ 44 సెకన్లలో పోతాయి, అంటే నాలుగు సెకన్లకి ఒకటి. గ్రాద్ అర సెకనుకి ఒకటి వదిలేది. కాల్చాక ట్రక్కు అక్కడ ఉండదు, ఎదుటివాళ్ళు తిరిగి కాల్చేలోపే పారిపోతుంది. శివుడి విల్లుని మోసే ఆ ట్రక్కు చెక్ దేశపు తత్రా డిజైన్.

మొదటి రకం సుమారు 38 కిలోమీటర్లు పోయేది, మెరుగుపరిచిన రకం 45, గైడెడ్ పినాక 75. ఈ గైడెడ్ రకంలో మన హైదరాబాద్ వాటా పెద్దది. రాకెట్ ముక్కు దగ్గర చిన్న రెక్కలు పెట్టి దారి దిద్దే పనిలో ఏఆర్‌డీఈతో పాటు హైదరాబాద్‌లోని ఆర్‌సీఐ, డీఆర్‌డీఎల్ పనిచేశాయి. 2017 జనవరిలో ఒడిశాలోని చాందీపూర్‌లో మొదట పరీక్షించారు. 2024 నవంబర్‌లో సైన్యం పెట్టిన కొలమానాలకి సరిపోతుందో లేదో చూడటానికి రెండు ట్రక్కుల నుంచి పన్నెండేసి, మొత్తం 24 రాకెట్లు వదిలారు. ఒకటి తగిలితే "జై" అని ఇంటికి పోలేదు. 24 ఎంత దూరం పోయాయి, ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయి అని కొలిచారు. ఇది బాబాయ్‌కి చెప్పినప్పుడు వెంటనే అర్థమైంది. రైల్ మిల్లులో పట్టాని అల్ట్రాసోనిక్‌తో పరీక్షించకుండా బయటికి పంపరు. లోపల పగులుంటే విశ్వకర్మ పూజ చేశామని పాస్ చెయ్యరు. "మేము పూజ రోజు కూడా రిజెక్ట్ చేసేవాళ్ళంరా" అన్నాడు.

పేర్ల సంగతి కొంచెం చెప్పాలి. బ్రహ్మోస్ అంటే బ్రహ్మాస్త్రం అని చాలామంది అనుకుంటారు. అది బ్రహ్మపుత్ర, మాస్క్వా అనే రెండు నదుల పేర్లు కలిపి పెట్టింది. పృథ్వి అంటే భూమి. దాన్ని పృథ్వీరాజ్ అనుకుని పాకిస్తాన్ తన క్షిపణికి ఘోరీ అని పేరు పెట్టిందని చెబుతారు. పినాకం శివుడి విల్లు పేరు, నిజమే. నెల్లూరు పెన్నా నదికి కూడా పినాకిని అని పేరుంది, విజయవాడ నుంచి చెన్నై పోయే రైలుకి కూడా ఆ పేరే. ఆ రైలు పురాణాల్లో నడిచిందని ఎవరూ అనరు. రాకెట్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అంటారు?

ఎందుకంటే ఆయుధానికి దైవత్వం అంటితే దాన్ని ప్రశ్నించడం కష్టమవుతుంది. 2019 అక్టోబర్‌లో ఫ్రాన్స్‌లో రక్షణ మంత్రి రఫేల్ విమానానికి శస్త్ర పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించినప్పుడు మనం నవ్వుకున్నాం. నిమ్మకాయ వల్ల పెద్ద నష్టం లేదు. గురి తప్పదనే నమ్మకం వల్ల ఉంది. గురి తప్పని ఆయుధమైతే చచ్చినవాడు పాపి అయ్యుండాలి. పురాణం తర్కం అదే. గురి తప్పే ఆయుధమైతే, తప్పి ఎక్కడ పడింది, అక్కడ ఎవరున్నారు అని అడగాలి.

2015 జనవరి 24న ఉక్రెయిన్‌లోని మరియుపోల్‌లో గ్రాద్, ఉరగాన్ రాకెట్లు ఇళ్ళ మధ్య పడి ముప్పై మంది దాకా చనిపోయారు. అది కూడా మా భిలాయి లాంటి ఉక్కు పట్టణమే. రెండు పక్షాలూ ఒకరినొకరు నిందించుకున్నారు. ఓఎస్‌సీఈ పరిశీలకులు వెళ్ళి గోతుల ఆకారాన్ని కొలిచి, తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ప్రాంతం నుంచే వచ్చాయని తేల్చారు. టేపు పట్టుకుని గోతులు కొలిచిన ఆ మనుషుల మీద నాకు చాలా గౌరవం.

ఇది చెప్పినప్పుడు బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రైల్ మిల్లు ప్రశ్న అడిగాడు. "పడ్డాక పేలనివి ఎన్నుంటాయిరా?"

ఉంటాయి. ముఖ్యంగా ఒక రాకెట్‌లో చాలా చిన్న బాంబులు నింపి గాలిలో చల్లే రకంలో. పేలనివి పొలంలో ఉండిపోతాయి, ఏళ్ళ తర్వాత పిల్లలు ఏరుకుంటారు. అందుకే వాటిని నిషేధిస్తూ 2008లో అంతర్జాతీయ ఒడంబడిక రాశారు, 2010 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ చేరలేదు. ఇండియా కూడా చేరలేదు. మేము ఆ పరేడ్ చూసిన పదకొండు రోజులకి, 2025 ఫిబ్రవరి 6న, రక్షణ శాఖ పినాక రాకెట్ల కోసం 10,147 కోట్ల రూపాయల ఒప్పందాలు చేసుకుంది. అందులో ఈ చిన్న బాంబుల రకం కూడా ఉంది. దాని సర్కారీ పేరు 'ఏరియా డినయల్ మ్యునిషన్'. దానికి మాత్రం పురాణాల్లోంచి పేరు పెట్టలేదు.